నిప్పులు తెలియని కాళ్లు

కోవిడ్ తగ్గాక వచ్చిన రెండో వేసవి. బరంపురంలో నేను పనిచేసే ఆస్పత్రిలో, ఫిజియోథెరపీ గదిలో గోడవారగా వేసిన బల్ల మీద కూర్చుని, పోలయ్య కుడికాలి బూటు విప్పనంటే విప్పనన్నాడు.

"ఆడకూతురివి, నా కాళ్లు ముట్టుకోకమ్మా" అనడం ఆయనకు మొదటి నుంచీ ఉన్నదే. బరంపురానికి దగ్గర్లోని రామయ్యపట్నం వైపు తీరం వెంట ఉన్న పల్లెల్లో ఒకదాని నుంచి వచ్చేవాడు. సముద్రం మీద వేటకు వెళ్లే మనిషి, ఇంచుమించు నా ఈడువాడే. వచ్చిన ప్రతిసారీ ఆ మాట అనేవాడు, నేను వినిపించుకోనట్టు కాలు ఒళ్లోకి తీసుకునేదాన్ని. ఆ రోజు మాత్రం అది మొహమాటం కాదు. రెండు చేతులతో బూటును గట్టిగా పట్టుకున్నాడు. పక్కన నిలబడ్డ ఆయన భార్య నూకమ్మ నా మొహం చూడకుండా కిటికీ వైపు చూస్తోంది. బూటులోంచి వచ్చే వాసన అప్పటికే నాకు అందింది. అది చెమట వాసన కాదని ఈ పనిలో ఉన్న ఎవరికైనా తెలుస్తుంది.

చివరికి నూకమ్మే వంగి లేసు లాగింది.

అరికాలు ముందు భాగమంతా తెల్లగా చివికిపోయి ఉంది. చిటికెనవేలు మొదట్లో గుంట పడింది. ఎదురు గదిలోని సర్జన్‌ను పిలిచాను. ఆయన సెలైన్‌తో కడిగి, చచ్చిన చర్మాన్ని కత్తిరిస్తూ, ఆ గుంటలోంచి ఫోర్సెప్స్‌తో నల్లటిదేదో లాగి స్టీలు ట్రేలో వేశాడు. కందిగింజంత ఉంది. టక్కుమంది.

"ఏమిటిది?" అని ఒడియాలో అడిగాడు. ఆయనకు తెలుగు రాదు.

"బొగ్గు" అంది నూకమ్మ.

నేను ఒడియాలో చెప్పాను. నేనేదో తప్పు చెప్పాననుకుని సర్జన్ మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను.

మాంసంలోంచి బొగ్గు లాగుతున్నంతసేపూ పోలయ్య కదల్లేదు. పక్కమంచం రోగికి చేస్తున్న పనిని చూసినట్టు చూశాడు. భార్య నోట బొగ్గు అనే మాట విన్నాక మాత్రం భుజం మీది తువ్వాలు తీసి మొహం కప్పుకున్నాడు.

"ఎవలికీ సెప్పకమ్మా" అన్నాడు లోపలి నుంచే.

ఆయన నా దగ్గరకు మొదటిసారి వచ్చింది అంతకు ముందు చలికాలంలో. మా ఆస్పత్రిలో తీరప్రాంతపు తెలుగువాళ్లను సాధారణంగా నాకే అప్పగిస్తారు. మా నాన్న రైల్వే ఉద్యోగంతో బరంపురంలో స్థిరపడ్డ మనిషి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, రెండూ నాకు ఒకటే. ఫిజియోథెరపీ అంటే నొప్పులకు మర్దనా అనుకుని వచ్చేవాళ్లు ఎక్కువ. పోలయ్యకు నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే ఆయన జబ్బు.

"దూది మీద నడిసినట్టుంటాదమ్మా. పడుకుంటే కాళ్లల్లో సీమలు పాకినట్టుంటాది. దులపరిద్దామని సూస్తే ఒక్క సీమా ఉండదు" అన్నాడు ఆ రోజు.

దీన్ని న్యూరోపతి అంటాం, అంటే నరాలు దెబ్బతినడం. షుగరు వల్ల వస్తుందని చాలామందికి తెలుసు. ఏళ్ల తరబడి తాగినా వస్తుంది. మద్యం నరాన్ని కొంత నేరుగా పాడు చేస్తుంది. తాగేవాడికి తిండి మీద ధ్యాస ఉండదు గనక థయామిన్ లాంటి బి విటమిన్లు అందక మరికొంత పాడవుతుంది. పొడుగాటి నరాలు ముందు పోతాయి. అందుకే కాలివేళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది.

దీన్ని పరీక్షించడానికి మా దగ్గర మోనోఫిలమెంట్ అని ఒకటుంటుంది. చిన్న పిడికి బిగించిన నైలాన్ పోగు. అది వంగేంతవరకు చర్మం మీద నొక్కుతాం, రోగి కళ్లు మూసుకుని, తగిలినప్పుడల్లా చెప్పాలి. దాన్ని చూడగానే పోలయ్య నవ్వాడు. "ఇది మా గేలం తాడు కాదేటమ్మా! బరంపురంలో మడుసుల్ని కూడా గేలమేసి పట్టేస్తన్నారా?" అన్నాడు. చేతుల మీద పోగు తగిలిన ప్రతిసారీ "ఆ, ఆ" అన్నాడు. పిక్కల మీద అనుమానంగా అన్నాడు. పాదాల దగ్గరకొచ్చేసరికి కళ్లు మూసుకుని, పరీక్ష ఎప్పుడు మొదలవుతుందా అన్నట్టు ఓపిగ్గా ఎదురుచూస్తూ కూర్చున్నాడు. పరీక్ష అప్పటికే అయిపోయింది.

ఆయన అసలు కష్టం అది కూడా కాదు. అంతకు ముందు వానాకాలంలోనే డీఅడిక్షన్ వార్డులో ఉండి తాగుడు మానేశాడు. మళ్లీ ముట్టలేదు. మానేస్తే నడక తిన్నగా అవుతుందని అందరూ అనుకున్నారు. నరం అలా బాగుపడదు. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది, ఒక్కోసారి ఎంత బాగుపడాలో అంతే బాగుపడి ఆగిపోతుంది. కాళ్లు ఎడంగా వేసి, ఎత్తెత్తి పెట్టి, పక్కకు ఒరుగుతూ నడిచేవాడు. కాలు ఎక్కడ ఆనిందో కాలు చెప్పదు గనక కళ్లతో చూసుకోవాలి. వెలుతురులో ఎలాగో నెట్టుకొచ్చేవాడు. చీకట్లో కాళ్లూ ఉండవు, కళ్లూ ఉండవు. అక్కడ వేటకు బోటు తోసేది తెల్లవారకముందే.

"ఇసకలో రెండు మాట్లు పడ్డానమ్మా. అంతే, రేత్రి ఏసేసి వచ్చినాడు అన్నారు" అన్నాడు.

బోటు ఆయనది కాదు. నూకమ్మ అన్న తాతారావుది. ఫైబర్ బోటు. అందులో వల లాగే మిగతా కలాసీలతో పాటు పోలయ్య కూడా ఒకడు. వల లాగేటప్పుడు ఒక మనిషి తూలితే అందరి ప్రాణాలమీదికీ వస్తుంది. "మానేసినోడివైతే తిన్నగా నిలబడు. నిలబడలేనోడివైతే మానేసినానని సెప్పకు" అని తాతారావు అందరి ముందూ అని ఆయన్ని దించేశాడు.

తాతారావుతో నేను ఫోన్లో మాట్లాడతానన్నాను. పోలయ్య ఒప్పుకోలేదు. "మందులిచ్చీవోలు అలాగే సెప్తార్లే అంటాడమ్మా. ఆడితో నువ్వు మాట పడడం నాకిష్టం నేదు."

ఒకసారి ఆలస్యంగా వచ్చాడు. బస్సు మెట్టు మీద కాలు సరిగా పడక కండక్టరు మీద పడ్డాడట. ఒడియాలో తాగుబోతును మొదువా అంటారు. కండక్టరు ఆ మాట అని బజారు మధ్యలో దించేశాడు. అది చెబుతూ పోలయ్యే నవ్వాడు. "తాగిన రోజుల్లో జాలిపడి సీటిచ్చీవోరమ్మా. మానీసినాక దించీసినారు." నూకమ్మ నవ్వలేదు.

కొన్నాళ్లకు ఇంట్లోంచి కదలడమే కష్టమైంది. ఒడ్డున వలలు బాగుచేసుకునే మగవాళ్ల ముందు నుంచి నడవాలనుకోగానే గుండె దడదడ, అరచేతుల్లో చెమట, ఊపిరి అందనట్టు. తాగుడు మానిన తొలి నెలల్లో ఆందోళన చాలామందికి ఉంటుంది. ఇన్నేళ్లూ మందుతో అణిగిన మెదడు ఇప్పుడు అయినదానికీ కానిదానికీ గంట కొడుతుంది. దానికి సైకియాట్రిస్టు మందు రాశాడు, ఊపిరి మెల్లగా వదలడం నేను నేర్పాను. కానీ భయపడితే ఒళ్లు బిగుస్తుంది, బిగిస్తే మరింత తూలతాడు, తూలితే మరింతగా చూస్తారు. "ఒక్క గ్లాసు పడితే ఈ దడ తగ్గిపోద్దని నాకు తెలుసమ్మా. అది తెలీకపోతే బాగుండును" అన్నాడు ఒకసారి. ఆయన్ను తిరిగి తాగుడులోకి లాగేది ఏదైనా ఉంటే అది ఆ ఒడ్డే అని నాకు అప్పుడే అర్థమైంది. బోటెక్కాలి, తాగలేదని వాళ్లు నమ్మాలి. ఆయనకు కావలసింది అదొక్కటే.

నా వంతు నేను నడక నేర్పాను. మా పనిలో నడక తీరును గెయిట్ అంటాం. గది గోడకు తాడు కట్టాను. అది చాలదని ఆయనే ఇంటి నుంచి వల తాడు తెచ్చి కట్టాడు. ఆ తాడు మీద చేయి వేసి, ఈ చివర నుంచి ఆ చివరకు. "తొందరొద్దు. కిందకు చూసి పెట్టండి. మడమ ఆనిందని కళ్లతో చూసుకున్నాకే రెండో కాలు ఎత్తండి." రోజుల తరబడి అదే పాట. చెప్పుల్లేకుండా నడవొద్దన్నాను, వేడినీళ్లు ముందు చేత్తో చూడమన్నాను, పడుకునే ముందు అరికాళ్లు చూడమని నూకమ్మకు చెప్పాను. లేసులున్న బూట్లు కొనిపించాను. ఎండాకాలం మొదట్లో ఆయన తాడు పట్టుకోకుండా గది దాటాడు. ఆ తర్వాత రావడం మానేశాడు. ఫోన్ చేస్తే నూకమ్మ ఎత్తింది. "బోటెక్కుతున్నాడమ్మా, బాగున్నాడు" అంది. నేను సంతోషించాను.

ట్రేలో బొగ్గు పడిన రోజున మిగతాది తెలిసింది.

ఆ పల్లెలో గంగమ్మ సంబరం నాడు నిప్పులు తొక్కడం తాతల నాటి నుంచీ ఉంది. సరుగుడు కర్రలు కాల్చి, ఆ నిప్పులు పరుస్తారు. మొక్కున్నవాళ్లు వాటి మీద నడుస్తారు. ఎవరి మీదైనా నింద ఉంటే అది తుడుచుకోవడానికీ దారి అదే. అరవకుండా, పక్కకు దూకకుండా అవతలికి చేరితే నింద పోయినట్టు. అయితే మర్నాడు కాళ్లు బొబ్బలెక్కితే మాత్రం లోపల ఏదో దాచినట్టే.

"మా అన్నియ్యే అన్నాడమ్మా" అంది నూకమ్మ. "తాగనేదంటన్నావు కదా, అమ్మోరి ముందర తొక్కు. అవతలికెల్తే బోటెక్కు అన్నాడు. ఈయన సరేనన్నాడు. నాను వద్దన్నాను. బూట్లిప్పొద్దని బరంపురం మేడమ్మ సెప్పింది కదా అన్నాను. ఆడవోలు మాటాడకండి అన్నారు."

నిప్పుల మీద నడిచేవాళ్లకు సాధారణంగా పెద్దగా కాలదు. పైన బూడిద పొర ఉంటుంది, అడుగు రెప్పపాటే ఆనుతుంది. సురుక్కుమనగానే కాలు తనంత తానే లేస్తుంది. ఆ సురుకే మనిషిని తొందరపెట్టి గట్టెక్కిస్తుంది. పోలయ్యకు అది లేదు.

"అందరూ లగెత్తినోలే" అంది నూకమ్మ. "ఈయనొక్కుడే పెళ్లికొడుకు పీటల మీదికి నడిసినట్టు నడిసినాడు. తలొంచుకుని, ఆగి ఆగి. డప్పులోలు కొట్టడం మానీసి సూసినారమ్మా."

తువ్వాలు కింద నుంచి పోలయ్య అన్నాడు: "నువ్వు సెప్పినట్టే నడిసినానమ్మా. సూసి పెట్టినాను. మడం ఆనినాకే రెండో కాలెత్తినాను."

పోలయ్య ఏమంటున్నాడని సర్జన్ అడిగాడు. అది మాత్రం నేను ఒడియాలోకి మార్చలేదు.

అవతలి గట్టున తాతారావు కావలించుకున్నాడు. అమ్మవారి మెడలోని దండ తెచ్చి వేశారు. ఆచారం ప్రకారం పసుపునీళ్లతో కాళ్లు కడిగారు. పసుపులో ఎరుపు కనిపించలేదు. ఆ రాత్రి పక్కబట్ట తడిసిందని నూకమ్మ దీపం పెట్టి చూసింది. రెండు అరికాళ్లూ బొబ్బలు. కుడికాలు ఎక్కువ.

ఇక్కడే ఆయన చేసిన పొరపాటు ఉంది. అది ఆ పల్లెవాడు తప్ప ఇంకొకరు చేయనిది. మామూలు మనిషైతే కాలిందనుకుంటాడు. పోలయ్య తను దొరికిపోయాననుకున్నాడు.

"నాను తాగనేదమ్మా. ఒట్టు" అన్నాడు తువ్వాలు దించి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "కానీ తాగాలని ఉంటాది కదా. దినామూ ఉంటాది. అది ఎవలికీ తెలీదు, ఈవిడికి కూడా తెలీదు. అమ్మోరికి తెలిసిపోనాది కామోసు అనుకున్నాను. అందుకే కాల్సినాది అనుకున్నాను."

అలా ఇద్దరూ కలిసి దాచారు. నూకమ్మ పాత చీర చింపి కట్టు కట్టింది. పోలయ్య దాని మీద బూట్లు వేసుకుని బోటెక్కాడు. బోటు మీద బూట్లేమిటని అడిగితే బరంపురం మేడమ్మ వేసుకోమందన్నాడు. అది నిజమే. ఉప్పునీళ్లు, చేపల జిగురు, తడిసిన కట్టు. నెల తిరిగేసరికి ఎడమకాలు దానంతట అదే మానింది. కుడికాలు మానలేదు. జ్వరం వస్తే గాని నా దగ్గరకు రాలేదు.

చిటికెనవేలు తీసేయాలన్నాడు సర్జన్. ఆ తర్వాత కాలు నేల మీద ఆనకుండా వారాల తరబడి ఉండాలి. దాన్ని ఆఫ్‌లోడింగ్ అంటాం. మందు కంటే అదే ముఖ్యం. చాలామంది పుండ్లు మానకపోవడానికి కారణం మధ్యలో ఓ నాలుగడుగులే కదా అని నడవడం.

"ఏలు తీసీ, పర్లేదు. బోటు మాత్రం ఎక్కనీ" అన్నాడు పోలయ్య.

"ఎక్కితే కాలు మొత్తం పోతుంది."

"దిగితే ఎందుకు దిగినావంటారమ్మా. ఏటి సెప్పమంటావు?"

నరాల సంగతి నేను ఆయనకు మళ్లీ వివరంగా చెప్పాను. అమ్మవారు కాల్చలేదు, నీ కాళ్లకు తెలియక కాలింది అన్నాను. ఊరట కలుగుతుందనుకున్నాను. "అయితే ఆ దండ ఎందుకేసినట్టు?" అన్నాడు.

మర్నాడు నూకమ్మ భర్తకు చెప్పకుండా వెళ్లి తాతారావును వెంటబెట్టుకొచ్చింది. ఎండకు నల్లబడ్డ దిట్టమైన మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. వార్డు గుమ్మంలోనే ఆగి, మంచం మీదున్న బావను చూసి, నా వైపు తిరిగాడు. "మళ్లీ తాగినాడేటమ్మా?" అన్నాడు.

పోలయ్యను కళ్లు మూసుకోమని, నైలాన్ పోగు తీశాను. చేతుల మీద "ఆ, ఆ" అన్నాడు. ఎడమ అరికాలి మీద పోగు వంగేదాకా నొక్కాను. మాట లేదు. తాతారావు వంగి చూశాడు. నటిస్తున్నాడనుకున్నాడో ఏమో, నన్ను పక్కకు జరగమని, మానిన ఆ ఎడమ పాదాన్ని చేతుల్లోకి తీసుకుని, బొటనవేలి పక్కన గోళ్లు దిగేలా గిల్లాడు. ఆయన వేళ్లు తెల్లబడడం నాకు కనిపించింది.

కళ్లు మూసుకునే ఉన్న పోలయ్య అడిగాడు. "మొదలెట్టినావేటి బావా?"

తాతారావు చేయి వదిలేశాడు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

"అయితే ఆ దినం... నిప్పులు..."

"తెలీనేదు బావా."

"ఏటీ తెలీనేదా?"

"ఇసక లాగే ఉంది. ఇసక కూడా తెలీదనుకో."

తాతారావు తన చేతుల్ని చూసుకున్నాడు. తర్వాత, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "మరైతే నువ్వు తాగనేదని నానెలాగ నమ్మేది?"

జవాబు నూకమ్మ చెప్పింది. అప్పటిదాకా ఆమె అన్న ముందు గొంతెత్తడం నేను చూడలేదు.

"నాను సెప్పినాను కదా అన్నియ్యా. ఒక్క పొద్దు కాదు, పొద్దు పొద్దూ సెప్పినాను. పక్కలో పడుకునేదాన్ని, నాకు తెలీదేటి? నా మాట నమ్మనేదు. నిప్పుల మాట నమ్మినావు."

తాతారావు లేచి బయటకు వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాను. కాసేపటికి నాలుగు టీలు పట్టుకొచ్చి, ఒకటి ముందు చెల్లెలికిచ్చాడు. "కాలు నేల మీద పెట్టకూడదు, అంతే కదమ్మా?" అని నన్ను అడిగాడు. అంతే అన్నాను. "నాను సూసుకుంటాను" అన్నాడు.

ఆయన ఎలా చూసుకున్నాడో తర్వాత కట్టు మార్చడానికి వచ్చినప్పుడు తెలిసింది. వేలు తీశాక బావను ఊళ్లోకి భుజాల మీద మోసుకెళ్లాడట. అడిగినవాళ్లకు, అమ్మోరు కలలోకొచ్చింది, నిప్పులు తొక్కిన ఆ కాళ్లు నేను చెప్పేదాకా నేలకు తగలకూడదంది, అందుకే ఈ కట్టు అని చెప్పాడట. వేలు తీసిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నా ఉద్యోగంలో అంత పక్కాగా ఆఫ్‌లోడింగ్ పాటించిన రోగిని చూడలేదు. ఆయన మంచం దిగబోతే ఊరంతా అడ్డం పడేది. దొడ్డికి వెళ్లాలన్నా ఇద్దరు కలాసీలు చేతులు కలిపి కుర్చీలా చేసి మోసేవారు. పుండు మానింది.

ఆ అబద్ధం మాత్రం అక్కడితో ఆగలేదు. మంచం మీద కూర్చుని వల అల్లుకుంటున్న మనిషి కాళ్లకు దండం పెట్టడం మొదలుపెట్టారు. జ్వరమొచ్చిన పిల్లల్ని తెచ్చేవారు. కట్టు మీద పసుపు చల్లొద్దని నూకమ్మ పోట్లాడాల్సి వచ్చేది. పక్కింటి ఇల్లాలు తన మొగుణ్ని తీసుకొచ్చి, ఈ కాళ్లు పట్టుకుని ఇంక తాగనని ఒట్టెయ్యమంది. ఆయన మంచి తాగుడులో ఉన్న కలాసీ. ఏడుస్తూ ఒట్టేశాడు.

"అతను తాగడం లేదా?" అని అడిగాను.

"అదేనమ్మా" అన్నాడు పోలయ్య. "మానీసినాడు."

ఇది చెప్పినప్పుడు ఆయన మొహంలో సంతోషం లేదు. "తాగుబోతని తిట్టినప్పుడు కోపమొచ్చీది. అది బాగుండీది, నాను తాగనేదని నాకు తెలుసు కదా. ఇప్పుడు దండమెడతంటే సిగ్గేస్తన్నాది. ఆ సిగ్గుకి గొంతు ఎండిపోతన్నాది. ఆ ఎండిపోడానికి ఏటి కావాలో నీకు తెలుసు." దడ మళ్లీ మొదలైంది. ఇప్పుడది తిట్టేవాళ్లను చూసి కాదు, చేతులు జోడించేవాళ్లను చూసి. సైకియాట్రిస్టు మందు మార్చాడు. ఊపిరి మెల్లగా వదలడం ఆయనకు నాకంటే బాగా వచ్చేసింది. నెలకోసారి కౌన్సెలర్ దగ్గర కూర్చుంటాడు. తాగాలనిపించడం నేరం కాదని, జబ్బులో భాగమని ఆమె చెబుతుంది. ఆయన తల ఊపుతాడు. అమ్మోరు కాల్చిందన్న మాట పూర్తిగా వదల్లేదని నా అనుమానం.

ఈ కేసు తర్వాత నా పద్ధతి కొంత మారింది. మొద్దుబారిన కాళ్లతో ఎవరొచ్చినా చెప్పుల సంగతి, వేడినీళ్ల సంగతి చెప్పి ఊరుకోను. మొక్కులేమైనా ఉన్నాయా అని అడుగుతాను. మా జిల్లాలో చైత్రం ఎండలో చెప్పుల్లేకుండా ఊరూరా తిరిగి, ఒళ్లు కష్టపెట్టుకుని దండొ మొక్కు తీర్చుకునేవాళ్లున్నారు, కొండలెక్కేవాళ్లున్నారు, నిప్పులు తొక్కేవాళ్లున్నారు. ఆస్పత్రిలో అడగరు గనక వాళ్లు చెప్పరు. ఇంకొకటి, రోగి తాగలేదని భార్య చెబితే ఆ మాట కేసు షీటులో మొదట రాస్తాను. నడక సంగతి తర్వాత రాస్తాను.

పేరు మార్చి ఇది రాయడానికి పోలయ్య ఒప్పుకున్నాడు. "సదువుకున్నోలకి తెలిస్తే పర్లేదమ్మా. మా ఊరోలకి తెలీకూడదు" అన్నాడు. మళ్లీ తనే, "తెలిస్తే బాగుండునేమో కూడా" అన్నాడు. పక్కింటి కలాసీ గుర్తొచ్చినట్టుంది, ఆ మాట అక్కడే ఆపేశాడు.

ఇప్పుడు ఆయన బోటెక్కడం లేదు. ఒడ్డున వలలు బాగుచేస్తాడు. బోటు తిరిగొచ్చాక తాతారావు తన వలను అందరికంటే ముందు ఆయన ముందే వేస్తాడు. మొన్న మళ్లీ పరీక్ష చేశాను. నైలాన్ పోగు చీలమండల దగ్గర తెలుస్తోంది. అరికాళ్లలో తెలియడం లేదు. వచ్చే గంగమ్మ సంబరంలో అందరికంటే ముందు పోలయ్యే నిప్పులు తొక్కాలని పెద్దలు అనుకున్నారట. అందుకు ఆయన బూట్లు విప్పాలి, లేని వేలు ఊరంతా చూడాలి. తాతారావు ఇంకా ఏమీ అనలేదు. పోలయ్య కూడా అవుననలేదు, కాదనలేదు. సరుగుడు కర్రలు కొట్టి ఒడ్డున ఎండబెట్టారని నూకమ్మ ఫోన్లో చెప్పింది.